పది చేతుల పిండివంట

ఎల్బీనగర్ పూర్తి పేరు లాల్ బహదూర్ నగర్. తిండిగింజలకు కటకటగా ఉన్న 1965లో, వారానికి ఒక పూట భోజనం మానుకొమ్మని దేశప్రజలను కోరిన ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. ఆయన 1966 జనవరి 11న, సంక్రాంతికి మూడు రోజుల ముందు, తాష్కెంటులో కన్నుమూశారు. పూట మానుకొమ్మన్న మనిషి పేరు పెట్టుకున్న చోట కూర్చుని పండుగ పిండివంటల చరిత్ర వ్రాయబూనడం కాస్త చిత్రమే. పక్కనున్న దిల్‌సుఖ్‌నగర్ పేరు వింటే మనసుకు హాయి అనే అర్థం తోస్తుంది గాని, అది ఒకప్పుడు ఆ భూములకు యజమాని అయిన జాగీర్దారు దిల్‌సుఖ్ రాం పర్షాద్ పేరు అంటారు. జాగీర్లు 1949లో రద్దయినా పేరు మిగిలింది. ఇప్పుడీ రెండు పేర్లకూ మధ్య మెట్రో రైలులో మూడు స్టేషన్ల దూరం.

ఈ ప్రాంతం గురించి కాగితం మీదికి ఎక్కిన చరిత్ర తక్కువ. ఎక్కినదానిలో సంతోషపెట్టేది మరీ తక్కువ. 2002 నవంబరు 21న సాయిబాబా గుడి ముందర, 2013 ఫిబ్రవరి 21న బస్టాపుల దగ్గర పేలిన బాంబులు దిల్‌సుఖ్‌నగర్ పేరును దేశమంతటికీ వినిపించాయి. 2009 నవంబరు 29న ఎల్బీనగర్ కూడలిలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు రెండూ గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయాయి. 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు ఎల్బీనగర్ దాకా వచ్చింది. రేపెవరైనా ఈ ప్రాంత చరిత్ర వ్రాస్తే ఈ తేదీలే వరుసగా పేరుస్తారు. పేర్చవలసినవే. అయితే సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" వెలువరించి, రాజుల యుద్ధాలను కాసేపు పక్కనబెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ పండుగలు ఎట్లా చేసుకున్నారు అని అడగడం కూడా చరిత్రేనని మనకు చూపించారు. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

నా ప్రశ్న చిన్నది. ఒకరి ముఖం ఒకరెరుగని కుటుంబాలు వేరువేరు జిల్లాల నుంచి వచ్చి, ఈ కాలనీలలో ఇరుగుపొరుగుగా ఎట్లా మారాయి? నాకు తెలిసినంతలో దీనికి జవాబు సంక్రాంతికి ముందు నానబోసిన బియ్యంలో ఉంది.

ముందు కాలనీల సంగతి చెప్పాలి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయింది. కర్నూలు నుంచి కార్యాలయాలు, వాటి వెంట ఉద్యోగులు వచ్చారు. ఆ తరువాతి దశాబ్దాలలో నల్లగొండ, ఖమ్మం, వరంగల్లు నుంచి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఉద్యోగాలకూ చదువులకూ వచ్చినవారిలో చాలామంది నగరం తూర్పు అంచున దిగారు. కారణం తేలికైనదే. విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ దారి రెండూ ఇటే వస్తాయి. మన ఊరి బస్సు నగరంలో మొదట ఎక్కడ ఆగుతుందో అక్కడ ఇల్లు వెతుక్కోవడం వలస వచ్చిన ప్రతివాడూ చేసే పని. అప్పట్లో ఇవి నగరం కావు, పొలిమేరలు. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు సరూర్‌నగర్ చుట్టుపక్కల చాలా భాగం దానిలోకే పోయింది. ఊరి నుంచి వచ్చే ఉత్తరం మీద "హైదరాబాదు" అని వ్రాసి, దానికింద "రంగారెడ్డి జిల్లా" అని వ్రాయవలసి వచ్చేది.

ఇక్కడి కాలనీల పేర్లు చదివితే వాటి పుట్టుక తెలిసిపోతుంది. పి అండ్ టి కాలనీ, టెలిఫోన్ కాలనీ, ఆర్టీసీ కాలనీ, వనస్థలిపురంలో ఎన్జీఓస్ కాలనీ, ఎఫ్.సి.ఐ. కాలనీ. మన పల్లెల్లో వీధులకు కులాల పేర్లుంటాయి. ఇక్కడ ఆఫీసుల పేర్లు వచ్చాయి. ఇది సామాన్యమైన మార్పు కాదు. ఒకే సహకార సంఘంలో వాయిదాలు కట్టినందువల్ల సూర్యాపేట మనిషి, గుడివాడ మనిషి, జనగామ మనిషి ఒకే గోడకు ఇటూ అటూ ఇళ్ళు కట్టుకున్నారు. మగవాళ్ళకు ఆఫీసు ఒకటే గనుక పలకరింపులున్నాయి. ఆడవాళ్ళకు అదీ లేదు. యాసలు వేరు, కూరలు వేరు, పండుగకు చేసే వంటలు వేరు. ఒకరు "పచ్చిపులుసు" అంటే ఇంకొకరు "అదేమిటండీ" అని అడిగిన రోజులవి.

ఇక పిండివంటల దగ్గరికి వస్తాను. తెలంగాణలో సంక్రాంతి అంటే సకినాలు (చకినాలు అనేవారూ ఉన్నారు). కోస్తాలో అరిసెలు. రెండూ చూపుకు, రుచికి సంబంధం లేనివి. ఒకటి కారం లేని కరకర, రెండవది తీపి మెత్తన. కాని లోపల అవి అక్కచెల్లెళ్ళు. రెండింటికీ కొత్త బియ్యం కావాలి. రెండింటికీ బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి పూర్తిగా ఆరకముందే పిండి చేయాలి. రెండింటిలోనూ నువ్వులు పడతాయి. రెండూ ఆడపిల్ల సారెలో పోతాయి. అక్కడ బిడ్డ తొలి అడుగులు వేస్తే అరిసెలు పంచుతారు, ఇక్కడ పెళ్ళికూతురి వెంట సకినాల గంప సాగుతుంది. అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఈ రెండింటినీ ఏ ఇల్లాలూ ఒక్కతే కూర్చుని చేయలేదు.

సకినాల పని తెలియనివారి కోసం చెబుతాను. బియ్యం రాత్రి నానబోస్తారు. ప్రొద్దున నీళ్ళు వంచి, బట్ట మీద నీడన పరచి, చేతికి చెమ్మ తగులుతుండగానే గిర్నీకి పంపిస్తారు. జల్లించిన పిండిలో ఉప్పు, వాము, నువ్వులు కలిపి, నీళ్ళతో తడుపుతారు. నేల మీద ఉతికిన తెల్లని పాత ధోవతి పరుస్తారు. ముందు పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెడతారు. ఆపైన చుట్టడం మొదలవుతుంది. అచ్చు లేదు, యంత్రం లేదు. గుప్పెట్లో పిండి పట్టుకుని, బొటనవేలు చూపుడువేలు మధ్య నుంచి సన్నని పేటగా మెలిపెడుతూ, చుట్టు మీద చుట్టు తిప్పాలి. మూడు చుట్లో నాలుగు చుట్లో. చుట్టినవి బట్ట మీద కొంత ఆరాలి, ఆ చెమ్మను బట్ట పీల్చుకోవాలి. అప్పుడు మెల్లగా ఎత్తి నూనెలో వేయాలి. రెండు మూడు కిలోల బియ్యానికి వందల సకినాలు వస్తాయి. తడిపిన పిండి ఎండిపోతే పేట తెగిపోతుంది, ఎక్కువసేపు ఉంచితే పులుస్తుంది. కాబట్టి ఎన్ని వందలైనా ఆ పూటే చుట్టేయాలి. ఒక్కతే కూర్చుంటే నడుము విరుగుతుంది, పిండి మిగులుతుంది. ఆరుగురు కూర్చుంటే మధ్యాహ్నానికి మూకుడు పొయ్యిమీద ఉంటుంది.

అరిసెల తొందర ఇంకొక రకం. అక్కడ పిండితో పాటు పాకం కూడా మనిషి కోసం ఆగదు. బెల్లం కరిగి, ఉడికి, నీళ్ళలో వేస్తే ఉండ కట్టే క్షణం ఒకటుంది. ఆ క్షణాన ఒకరు పిండి పోస్తుండాలి, ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా కలుపుతుండాలి. లేత పాకంలో పిండి పోస్తే అరిసెలు నూనెలో విరిగిపోతాయి, ముదిరితే రాళ్ళవుతాయి. చలిమిడి తయారయ్యాక ఒకరు ఆకు మీద వత్తాలి, ఒకరు నూనెలో వేసి తిప్పాలి, ఒకరు వేగినదాన్ని తీసి రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. ముగ్గురికి తక్కువైతే చేయి సాగదు. నలుగురుంటే కబుర్లు కూడా సాగుతాయి.

చరిత్ర పుస్తకాలు చదివే అలవాటున్న మనం, స్నేహం మొదట పుట్టి తరువాత సహకారం వచ్చిందనుకుంటాం. మా కాలనీలో అది తలక్రిందుగా జరిగింది. మా అమ్మ నల్లగొండ జిల్లా నుంచి వచ్చింది. ఎదురింటి పిన్నిగారు కృష్ణా జిల్లా మనిషి. మొదటి ఏడాది వాళ్ళిద్దరి మధ్యా "బావున్నారా" దాటి మాట లేదు. మా ఊళ్ళో అయితే సకినాలు చుట్టడానికి మేనత్తలు, చిన్నమ్మలు, వదినలు ఉండేవారు. ఇక్కడ ఎవరూ లేరు. పిండి తడిపి కూర్చున్నాక అమ్మకు వేరే దారి లేకపోయింది. గోడ మీదుగా పిలిచింది. "వదినా, పిండి ఆరిపోతుంది, జర రారాదుండ్రి" అని. ఆవిడకు సకినం చుట్టడం రాదు, అంతకుముందు చూసి కూడా ఎరుగరు. వచ్చి కూర్చున్నారు. ఆమె చుట్టినవి మొదట వంకరటింకరగా ఉండేవట. నాలుగు రోజుల తరువాత అటునుంచి పిలుపు. "పాకం వచ్చేసిందండీ, పిండి పొయ్యటానికి ఒక చెయ్యి కావాలి." ఆ పిలుపుకు అమ్మ వెళ్ళకుండా ఎట్లా ఉంటుంది? వరినాట్లకు ఒకరి పొలానికి ఒకరు పోయి పని బదులు తీర్చుకునే పద్ధతి మన పల్లెల్లో ఉండేది. ఆ లెక్క పొలాలు లేని కాలనీలోకి పిండి రూపంలో వచ్చింది. వదిన అనే పిలుపు వరసగా స్థిరపడింది ఆ తరువాతే.

ఈ బదులు లెక్క నుంచే కాలనీలో మొదటి ఏర్పాట్లు పుట్టాయి. సంక్షేమ సంఘాలు, వాటికి అధ్యక్షులు, రసీదు పుస్తకాలు తరువాతి మాట. ముందు పుట్టింది వంతుల పట్టిక, అదీ నోటిమాటగా. ఇవాళ ఈ ఇంట్లో, రేపు ఆ ఇంట్లో, ఏకాదశి నాడు ఎవరింట్లోనూ కాదు. మా గిర్నీ అతను తడి బియ్యం సాయంత్రం పూటే పట్టేవాడు, ఆ తరువాత రాళ్ళు శుభ్రం చేసుకోవాలి గనుక. అందుకని ఎవరి బియ్యం ఏ రోజు వెళ్ళాలో ముందే అనుకోవలసి వచ్చేది. పెద్ద ఇత్తడి మూకుడు వీధి మొత్తానికి రెండో మూడో ఉండేవి. జల్లెడ ఒకరిది, చిల్లుల గరిటె ఒకరిది, అరిసెల చెక్కలు ఒకరివి. గ్యాసు కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి వరుసలో నిలబడిన కాలం అది. ఉన్నవారు కూడా సిలిండరును ఇంత వేపుడుకు ఖర్చు చేయడానికి జంకేవారు. డాబా మీద మూడు రాళ్ళు పెట్టి కట్టెల పొయ్యి రాజేసేవారు. చౌకధరల దుకాణంలో పండుగకు ఇచ్చే అదనపు చక్కెర, పామాయిల్ కోసం పిల్లలను సంచులిచ్చి నిలబెట్టేవారు. కార్డు లేనివారికి ఉన్నవారు సర్దేవారు. శాస్త్రిగారి నాటి కరువు పోయినా, కొలిచి వాడుకునే అలవాటు ఇంకా పోలేదు.

ఇందులో నాకెప్పుడూ ముచ్చట గొలిపే సంగతి ఒకటుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పొలాలు తడుపుతూ, ఖమ్మం మీదుగా కృష్ణా జిల్లాలోకి ప్రవేశిస్తుంది. మా ఇంటికి ఊరి నుంచి వచ్చే కొత్త బియ్యమూ, పిన్నిగారింటికి వాళ్ళ ఊరి నుంచి వచ్చే కొత్త బియ్యమూ ఒకే నది నీళ్ళు తాగినవి. ఆ నీళ్ళ వాటాల మీద ఎన్ని తగవులు నడిచాయో మీకు తెలియనిది కాదు. డాబా మీద మాత్రం ఆ రెండు బియ్యాలూ పక్కపక్క బట్టల మీద ఆరేవి.

ఇంతవరకు వ్రాసి ఆపితే ఇది పాతరోజుల పొగడ్త అవుతుంది. చరిత్ర అన్నాక రెండవ వైపు కూడా చెప్పాలి.

మొదటిది, ఆ పది చేతులూ ఆడవాళ్ళవే. మగవాళ్ళు బియ్యం గిర్నీకి మోశారు, కట్టెలు తెచ్చారు, వేడివేడిగా రుచి చూసి ఉప్పు తగ్గిందన్నారు. అంతే. పగలు ఇంటి పనీ, కొందరికి ఆఫీసు పనీ చేసుకుని, రాత్రి పదకొండు దాకా పొగలో కూర్చున్నవారి నడుము నొప్పిని మనం "ఆ రోజులే వేరు" అని మురిసిపోయే వాక్యంలో కలిపేయకూడదు. ఒకసారి మా అమ్మను, ఆ రోజులు మళ్ళీ రావాలని ఉందా అని అడిగాను. "మనుషులు రావాలె, పని వద్దు" అన్నది.

రెండవది, డాబా మీద అందరికీ చోటు లేదు. కాలనీ పేరు ఆఫీసుదే అయినా, పిండిలో ఎవరి చేయి పెట్టవచ్చునన్నది ఎవరూ పైకి అనకుండానే అందరికీ తెలిసిన సంగతి. మడి పాటించే ఇళ్ళు నైవేద్యానికి వేరుగా ఒక వాయి తీసి పెట్టుకునేవి. ఇంటి పనికి వచ్చే ఆమె రోట్లో పిండి దంచింది, జల్లించింది, గిన్నెలు తోమింది. చుట్టడానికి కూర్చొమ్మని ఆమెను పిలిచినట్టు నాకు గుర్తు లేదు. సాయంత్రం ఒక డబ్బా నింపి చేతిలో పెట్టేవారు. ఇచ్చేవాళ్ళకు అది ఔదార్యంగానే తోచింది. ఆమెకు ఎట్లా తోచిందో అడిగినవారు లేరు. పల్లెలో గీసిన గీతలు కాలనీలో కొన్ని చెరిగిపోయాయి, కొన్ని సన్నబడ్డాయి, కొన్ని అట్లాగే ఉన్నాయి. సన్నబడినవాటిని చూసి చెరిగిపోయాయనుకోవడం సులభం.

ముసారాంబాగ్, సైదాబాద్ వైపు ఉండే నాన్నగారి సహోద్యోగుల ఇళ్ళకు సకినాలు వెళ్ళేవి. రంజాన్‌కు అక్కడి నుంచి షీర్ ఖుర్మా వచ్చేది. వండినది తినరని అనుమానమున్న ఇళ్ళకు వాళ్ళు పాలు, సేమ్యా, ఎండు ఖర్జూరాలు విడివిడిగా పంపేవారు. ఎంత సున్నితమైన మర్యాద! కాని ఇక్కడ కూడా పళ్ళేలు ఇటూ అటూ తిరిగాయే గాని, చేతులు ఒక్క పిండిలో కలవలేదు. పంచుకోవడం వేరు, కలిసి చేయడం వేరు. ఈ తేడాను నేను చాలా ఆలస్యంగా గమనించాను.

ఈ బంధానికి అసలు పరీక్ష 2009 డిసెంబరులో వచ్చింది. డిసెంబరు 9 రాత్రి కేంద్రం తెలంగాణ ప్రక్రియ మొదలుపెడతామంది, 23న వెనక్కు తగ్గింది. మూడు వారాలకు సంక్రాంతి. శ్రీకాంతాచారి కాలిపోయిన కూడలి మా ఇళ్ళకు దగ్గర. నా తరం వాళ్ళకు ఆ రోడ్డు దాటితే గొంతు బిగుసుకుపోయేది. ఒకే ఆఫీసు పేరున్న కాలనీలో ఒక గుమ్మం తెలంగాణ ఎన్జీవోల సంఘం, ఎదుటి గుమ్మం ఏపీ ఎన్జీవోల సంఘం. మగవాళ్ళు చాయ్ బండి దగ్గర కలవడం మానుకున్నారు. కలిసినా క్రికెట్ తప్ప మాట్లాడేవారు కాదు. ఆ ఏడు పిండి తడపాలా వద్దా అని మా ఇంట్లో రెండు రోజులు తర్జనభర్జన జరిగింది. తడిపితే పిలవాలి. పిలిస్తే వస్తారా? రాకపోతే ఆ ముఖం మళ్ళీ ఎట్లా చూడడం? చివరికి అమ్మ బియ్యం నానబోసింది, ఎవరినీ పిలవలేదు. తెల్లవారి గిర్నీ నుంచి పిండి వచ్చిన గంటకు పిన్నిగారు తమంతట తామే వచ్చి, "ఏం వదినగారూ, ఈ ఏడు నా చేతికి పని లేదా?" అని కూర్చున్నారు. రాష్ట్రం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం గొప్ప సమైక్యత అని నేననను. ఎవరి అభిప్రాయం వారికి గట్టిగానే ఉండింది. మా అమ్మ 2011లో సకల జనుల సమ్మె నడిచిన రోజుల్లో బతుకమ్మతో రోడ్డెక్కింది. పిన్నిగారి భర్త 2013 సెప్టెంబరు 7న ఎల్బీ స్టేడియం సభకు వెళ్ళారు. ఆ రెండేళ్ళలోనూ జనవరిలో చేతులు కలిశాయి. అభిప్రాయం మార్చుకోనక్కరలేకుండా పక్కన కూర్చోగలగడానికి మనుషులకు ఏదో ఒక పని కావాలి. ఆ పని ఆలస్యం చేయరానిదైతే మరీ మంచిది.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయ ఉద్యోగులు వెలగపూడికి తరలినప్పుడు, మా కాలనీ నుంచి వెళ్ళిన కొన్ని కుటుంబాలలో పిన్నిగారి అబ్బాయి కుటుంబం ఒకటి. ఆవిడా వెళ్ళారు. ఒకప్పుడు ఏ రహదారిన వచ్చారో అదే రహదారిన. సామాను సర్దుతూ అరిసెల చెక్కలు మా ఇంట్లో ఇచ్చిపోయారు. ఉద్యోగులను, ఆస్తులను, అప్పులను ఎట్లా పంచాలో విభజన చట్టంలో ఉంది. చేతుల బదులు లెక్క ఏ షెడ్యూలులోనూ లేదు.

ఇంతకీ ఈ కలిసి వండడాన్ని ఆపింది రాష్ట్ర విభజన కాదు. అంతకు చాలా ముందే, ఏ ఉద్యమమూ లేకుండా, అది పలచబడుతూ వచ్చింది. ఇళ్ళు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. డాబా అందరిదీ అయ్యాక ఎవరిదీ కాకుండా పోయింది, నీళ్ళ ట్యాంకులకూ సెల్ టవర్లకూ చోటైంది. ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళారు, అది మంచికే జరిగింది. పిల్లలు అమెరికా పోయారు. నిల్వ పిండివంటలు అమ్మే దుకాణాలు కొత్తపేట, వనస్థలిపురం వీధుల్లో వెలిశాయి. వాటిలో ఎక్కువ వాటికి "స్వగృహ" అనే మాట ఏదో ఒక రూపంలో తగిలించి ఉంటుంది. సొంత ఇంట్లో చేయడం మానేశాక ఆ ఇంటి పేరు అంగడి బోర్డు మీదికి ఎక్కింది. నేనూ కొంటాను. రుచికి వంక పెట్టలేను.

ఇక పండుగ అసలు దృశ్యం ఎల్బీనగర్ కూడలికి మారింది. సంక్రాంతి ముందు రోజుల్లో విజయవాడ వైపు వెళ్ళే బస్సులు, కార్లు అక్కడ బారులు తీరడం ప్రతి ఏటా టీవీలో చూస్తూనే ఉన్నాం. పండుగకు నిండవలసిన కాలనీలు ఖాళీ అవుతాయి. ఆ బస్సుల పైన, సీట్ల కింద ఉన్న డబ్బాలలో ఏముందో మాత్రం టీవీ చూపించదు. ఊరికి పోయే డబ్బాలో నగరంలో కొన్న సకినాలు, ఊరి నుంచి తిరిగి వచ్చే డబ్బాలో అక్కడ ఇంకా నలుగురు కూర్చుని చేసిన అరిసెలు. ఒకప్పుడు గోడ మీదుగా జరిగిన మార్పిడి ఇప్పుడు వందల కిలోమీటర్ల మీద జరుగుతున్నది.

2020లో ఈ ప్రాంతం రెండు దెబ్బలు తిన్నది. మార్చి 25, లాక్‌డౌన్ మొదటి రోజు, ఉగాది. వేపపువ్వు కోసం పొరుగింటి చెట్టు దగ్గరికి వెళ్ళడానికి కూడా సందేహించిన పండుగ అది. అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల, ఎల్బీనగర్ లోపలి కాలనీలలో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. మూడు రోజులకు బతుకమ్మ మొదలు. మా వైపు ఒక అపార్టుమెంటులో కింది అంతస్తు వాళ్ళు పైవాళ్ళ ఇళ్ళకు చేరారు. మూడో అంతస్తు వరండాలో రెండు పెద్ద స్టౌలు పెట్టి అందరికీ కలిపి వండారు. అంతకుముందు లిఫ్టులో తల వంచుకుని ఫోను చూసుకున్నవాళ్ళే వాళ్ళంతా. మళ్ళీ అదే సూత్రం. పని ఆగనిది, చేతులు చాలవు, అప్పుడు మనిషి మనిషిని పిలుస్తాడు. నీళ్ళు తీసిన తరువాత ఆ వరండా మళ్ళీ చెప్పుల స్టాండులకు వదిలేశారు. ఆపద కలిపిన చేతులు ఆపదతో పాటే విడిపోతాయి. పండుగకు ఉన్న సుగుణం ఏమిటంటే, అది ప్రతి ఏటా వస్తుంది.

ఇప్పుడు మా కాలనీలో సకినాలు చుట్టేందుకు కూలికి మనుషులు వస్తారు. కిలోకు ఇంత అని మాట్లాడుకుని, ముగ్గురు నలుగురు కలిసి వచ్చి, గంటల్లో పని ముగించి ఇంకొక ఇంటికి వెళతారు. చూడటానికి ఆ దృశ్యం పాతదానిలాగే ఉంటుంది. తెల్లబట్ట, గౌరమ్మ, వరుసలుగా చుట్లు, కబుర్లు. వాళ్ళ చేతుల వేగం చూస్తే కళ్ళు తిరుగుతాయి. వాళ్ళలో ఒకామె, తన తల్లి ఇవే ఇళ్ళలో గిన్నెలు తోమేదని చెప్పింది. తల్లిని పిండి ముట్టనివ్వని ఇళ్ళలో కూతురు చుట్టిన సకినాలు దేవుడి ముందు పెడుతున్నారు, చేతికి కూలి కూడా ఇస్తున్నారు. పోయినదాని గురించి బాధపడే నా మనసు అక్కడ ఒక నిమిషం ఆగిపోయింది. ఇరుగుపొరుగుకు జరిగిన నష్టం నిజమే. ఆమెకు దక్కిన కూలీ, గౌరవమూ నిజమే. ఒకదానికోసం రెండోదాన్ని దాచిపెట్టేది చరిత్ర కాదు, జ్ఞాపకాల ముచ్చట అవుతుంది.

అయినా ఒక్క తేడా చెప్పక తప్పదు. కూలికి వచ్చినవారు లేచి వెళితే లెక్క తీరిపోతుంది. బదులుకు వచ్చినవారు లేచి వెళ్ళినా లెక్క తీరదు, ఇంకా ఒక పూట బాకీ ఉంటుంది. పొరుగు అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఆ తీరని బాకీయే. ఆ బాకీలోకి, ఆనాడు డాబా మీదికి పిలవని ఆమెను, ఆమె కూతురిని, సైదాబాద్ ఇళ్ళవారిని కూడా చేర్చుకుని ఉంటే మా కాలనీ కథ ఇంకా పెద్దదై ఉండేది. అది ఇప్పటికీ చేయరాని పనేమీ కాదు. కిలో బియ్యం నానబోస్తే చాలు.

మిత్రులారా, మీలో చాలామంది అమ్మమ్మల, నానమ్మల వంటలను శ్రద్ధగా వ్రాసి పెడుతున్నారు. ఎన్ని సోలల బియ్యానికి ఎంత బెల్లం, ఏ పాకం, ఎంతసేపు అని. మంచి పని. ఒక చిన్న మనవి. వ్రాసేటప్పుడు ఆ రోజు ఆ పిండి చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో, ఎవరిని ఎవరు ఏ వరసతో పిలిచారో, ఎవరిని పిలవలేదో కూడా వ్రాయండి. కావలసిన పదార్థాల జాబితాలో మనుషులు కూడా ఉండాలి.